ట్రంకుపెట్టెలోని మన చరిత్ర

(బూర్గంపాడులో ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశానికి వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న పాత ఫోటో ఒక్కటైనా వెంట తీసుకురమ్మని మిమ్మల్ని కోరాము. కొందరు తెచ్చారు. వారికి కృతజ్ఞతలు. మరికొందరు, "మా ఇంట్లో ఏమీ మిగలలేదు, అన్నీ గోదావరి పాలయ్యాయి" అని గడప దగ్గరే చెప్పారు. ఈనాటి మన ప్రసంగం ముఖ్యంగా ఆ రెండోవారి కోసమే.

మన ఊరికి గోదావరి ఒక దిక్కు, కిన్నెరసాని మరో దిక్కు. మన పెద్దలు వయసును యేళ్ళతో కాక వరదలతో లెక్కించేవారు. "యాభై మూడులో గోదావరి వచ్చినప్పుడు నేను చంకలో బిడ్డను" అని ఒకరంటే, "ఎనభై ఆరు వరదకు నా పెద్దకూతురి నిఖా అయి నెల" అని మరొకరనేవారు. 1986 ఆగస్టు 16న భద్రాచలం వద్ద నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. అంతటి వరద మళ్ళీ రాదనుకున్నాము. 2022 జూలై 16న అది 71.3 అడుగులకు వచ్చి, మన వీధులను ముంచి, మన ధీమాను కూడా ముంచి వెళ్ళింది.

ఆ రాత్రి మేము ఇల్లు విడిచినప్పుడు ఏమి తీసుకున్నామో చెబుతాము. ఖుర్ఆన్ గ్రంథాన్ని గుడ్డలో చుట్టుకున్నాము. ఆధార్ కార్డులు, బ్యాంకు పుస్తకాలు, రెండు జతల బట్టలు, బియ్యం మూట తీసుకున్నాము. ఫోటోలున్న ట్రంకుపెట్టెను అటక మీదికి ఎక్కించి, నీళ్ళు అంత ఎత్తుకు రావులే అనుకున్నాము. నీళ్ళు వచ్చాయి. తిరిగి వచ్చి పెట్టె తెరిచేసరికి మూడు తరాల ఫోటోలు ఒకదానికొకటి అంటుకుని ఇటుకలా గట్టిపడి ఉన్నాయి. తొందరపడి ఎండలో ఆరబెట్టి, ఒక్కొక్కటిగా ఊడదీశాము. ముఖాలు ఊడి వెనుక కాగితాలకు అంటుకుపోయాయి. వరద చేసిన నష్టం కొంతే, మా అజ్ఞానం చేసిన నష్టం అంతకంటె ఎక్కువ.

ఒక్క ఫోటో మాత్రం చెక్కుచెదరకుండా మిగిలింది. అది మా ఇంట్లో లేదు గనుక మిగిలింది. చాలా ఏళ్ళ క్రితం ఒక పెళ్ళికి వచ్చిన మా ఫూఫీ దాన్ని అడిగి ఖమ్మం తీసుకువెళ్ళారు. తిరిగి ఇవ్వలేదని మేము ఆమెతో కొన్నాళ్ళు ముభావంగా ఉన్నాము కూడా. ఈనాడు మా వంశానికి మిగిలిన పాత ఆనవాలు అదొక్కటే. దాచుకున్నది పోయి, ఇచ్చినది నిలిచింది. ఈ పాఠాన్ని మీరు ఇంటికి తీసుకువెళ్ళాలని మా కోరిక.

వెనుకవైపు ఉన్న నాలుగు అంకెలు

ఆ ఫోటోలో మా దాదా కుర్చీలో కూర్చుని ఉన్నారు. షేర్వానీ, తల మీద టోపీ. పక్కన తెల్లటి చాదర్ పూర్తిగా కప్పుకున్న ఒక మనిషి, ఆ ఒడిలో పసిబిడ్డ. ఫోటో వెనుక ఉర్దూలో రెండు ముక్కలు వ్రాసి ఉన్నాయి. ఆ లిపి మాలో ఎవరికీ రాదు. మా అబ్బా వరకు చదవగలిగారు, మాతో అది ఆగిపోయింది. మనలో ఎన్ని ఇళ్ళలో ఇదే పరిస్థితి ఉన్నదో మీకు తెలుసు. తాతల చేతివ్రాత మనవల చేతిలో ఉంటుంది, కానీ దాన్ని చదివే కళ్ళు ఇంట్లో ఉండవు.

పదవీ విరమణ చేసిన ఒక ఉర్దూ ఉపాధ్యాయుని దగ్గరకు వెళితే ఆయన చదివి పెట్టారు: "బూర్గంపహాడ్, 1355." నిజాం కాలంలో మన తాలూకా పేరు బూర్గంపహాడే. మరి 1355 ఏమిటి? హిజ్రీ అనుకుంటే అది 1936-37 అవుతుంది. కానీ మా అబ్బా పుట్టింది 1944లో. అయితే ఒడిలో ఉన్న బిడ్డ ఎవరు? మాకు తెలియని పెద్దనాన్న ఒకరు ఉండి పోయారా? ఇంట్లో పది రోజులు ఇదే చర్చ. చివరికి ఆ ఉపాధ్యాయుడే చిక్కు విప్పారు. హైదరాబాద్ సంస్థానపు కచేరీలు ఫస్లీ సంవత్సరాన్ని వాడేవి. ఫస్లీకి 590 కలిపితే ఇంచుమించుగా క్రీస్తు శకం వస్తుంది. మా దాదా తాలూకా కచేరీలో గుమాస్తా. కాగితం మీద చేయి పెడితే ఫస్లీయే వ్రాస్తారు. 1355 ఫస్లీ అంటే 1945-46. ఒడిలోని బిడ్డ మా అబ్బాయే.

ఈ సంగతి ఇంత వివరంగా ఎందుకు చెప్పామంటే, మీ ఇళ్ళలోని పాత దస్తావేజులు, రసీదులు, నిఖానామాల మీద కూడా ఇలాంటి అంకెలే ఉంటాయి. హిజ్రీ, ఫస్లీ కలగాపులగం చేసుకుంటే ఆ కాలానికి తొమ్మిది పదేళ్ళ తేడా వస్తుంది. బిడ్డ పుట్టకముందే ఫోటో తీసినట్లు తేలుతుంది. అటువంటి తేడా ఈ రోజుల్లో ఎంత ప్రమాదమో వేరే చెప్పనవసరం లేదు.

ఒకే ఇల్లు, ఎన్నో చిరునామాలు

మన ప్రాంతపు విచిత్రం ఒకటున్నది. మనం కదలకపోయినా మన చిరునామా కదులుతూనే ఉన్నది. మా దాదా హైదరాబాద్ సంస్థానంలో, వరంగల్ జిల్లా బూర్గంపహాడ్ తాలూకాలో జీవించారు. 1953 అక్టోబరు 1న ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది. 2014లో తెలంగాణ, 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. మన ఎదురు గట్టున ఉన్న భద్రాచలం మొదట మద్రాసు రాష్ట్రంలో, తూర్పు గోదావరి జిల్లాలో ఉండి, 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. నది దాటి చేసుకున్న సంబంధాలలో వధువు ఒక ప్రభుత్వపు కాగితాలతోను, వరుడు మరొక ప్రభుత్వపు కాగితాలతోను వచ్చిన రోజులున్నాయి.

2014లో పోలవరం ముంపు పేరున మన మండలంలోని ఇబ్రహీంపేట, సీతారామనగరం, రావిగూడెం వంటి గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. కుక్కునూరు, వేలేరుపాడు మండలాలూ వెళ్ళాయి. నిన్నటిదాకా మన మండలంలో ఉన్న మేనత్త నేడు పొరుగు రాష్ట్రంలో ఉన్నది. ఆ మండలాలలోని అనేక ఊళ్ళు ముంపు ప్రాంతంలో ఉన్నాయి. అక్కడి ఇల్లు, మస్జిదు, ఖబరస్తాన్, చింతచెట్టు, నీళ్ళ రేవు ఒకనాటికి నీటి అడుగుకు చేరవచ్చు. పరిహారపు జాబితాలో ఇంటి కొలతలు వ్రాస్తారు, చెట్ల లెక్క వ్రాస్తారు. ఆ ఇంటి అరుగు మీద ఎవరు పిల్లలకు ఖాయిదా నేర్పారో ఏ జాబితాలోనూ వ్రాయరు. అది మనమే వ్రాసుకోవాలి. అక్కడ బంధువులున్నవారు ఆలస్యం చేయక, ప్రతి గోడను, ప్రతి గోరీని ఫోటో తీసి, ఏది ఎవరిదో పెద్దల చేత చెప్పించి ఉంచుకోవలసిందిగా మనవి.

జ్ఞాపకమూ హక్కే

"ఇవన్నీ తీరిక ఉన్నవాళ్ళ ముచ్చట్లు కదా, హక్కుల కోసం పోరాడేవారికి ఇవెందుకు?" అని ఒక యువ మిత్రుడు మమ్మల్ని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. మూడు ఉదాహరణలతో సమాధానం చెబుతాము.

మొదటిది, మన పుట్టుక. జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో. అంతకు ముందు పుట్టిన మన తల్లిదండ్రులలో చాలామందికి జనన ధృవీకరణ లేదు. ఇప్పుడు 2023 అక్టోబరు 1 తరువాత పుట్టినవారికి బడిలో చేరడం మొదలు అనేక పనులకు జనన ధృవపత్రమే ఆధారమని సవరణ వచ్చింది. 2019 చివర పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు మన ఇళ్ళలో ఎంత అలజడి రేగిందో గుర్తున్నది కదా. అర్ధరాత్రి పెట్టెలు దించి కాగితాలు వెదికాము. ఒక కాగితంలో 'షేక్', ఒకదానిలో 'షేఖ్', మరొకదానిలో ఇంటిపేరే లేదు. ఫోటో ఒక్కటే చట్టం ముందు సాక్ష్యం కాకపోవచ్చు. కానీ ఫోటో వెనుక కథ దారి చూపిస్తుంది. "ఈ గ్రూపు ఫోటో ఫలానా బడిలో అయిదో తరగతిలో తీసినది" అని నానీ చెబితే, ఆ బడి రిజిస్టరు నకలు కోసం మనం దరఖాస్తు చేయగలం. కథ లేకపోతే ఏ తలుపు తట్టాలో కూడా తెలియదు.

రెండోది, మన వృత్తులు. 2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చింది. 2007లో ముస్లింలలోని సామాజికంగా వెనుకబడిన వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. అత్తరు సాయిబులు, తురకకాశలు, హజాములు, ఫకీర్లు, ఈ పేర్లన్నీ పని పేర్లే. దూదేకులవారు అంతకు ముందునుంచే బి.సి.-బి జాబితాలో ఉన్నారు. ఆ రిజర్వేషన్ మీద వ్యాజ్యం నేటికీ సుప్రీంకోర్టు గడప దాటలేదు. మన వెనుకబాటు గురించి వాదించేటప్పుడు, దూది ఏకే విల్లు చప్పుడుతో తెల్లవారిన ఇల్లు ఏదో, రాళ్ళు కొట్టి చేతివ్రేళ్ళు వంకరపోయిన తాత ఎవరో చెప్పగలగాలి. పని చెప్పుకోవడం నామోషీ అనుకుని మనమే దాన్ని చెరిపేసుకుంటున్నాము. పెళ్ళి చూపుల్లో తాత వృత్తిని దాచే కుటుంబం తన పిల్లల హక్కునూ కొంత దాచేస్తున్నట్లే.

మూడోది, మన వక్ఫు స్థలాలు. 2025 వక్ఫ్ సవరణ చట్టం 'వాడుక ద్వారా వక్ఫ్' అన్న పద్ధతిని ఇక ముందుకు తీసివేసింది. అంతకు ముందే నమోదైన వాటికి, వివాదంలో గాని ప్రభుత్వ భూమిగా గాని లేనంతవరకు, రక్షణ ఉంచింది. అంటే తరతరాలుగా మనం జనాజా మోసుకువెళ్ళిన నేల గురించి రేపు వివాదం వస్తే, ఎప్పటినుంచి, ఎవరు, ఎలా వాడారో చూపవలసి వస్తుంది. ఈద్‌గాహ్ దగ్గర పండుగ నమాజు తరువాత తీసిన పాత ఫోటో, సమాధి రాయి మీది తేదీ, ఖబరు త్రవ్విన ముసలాయన జ్ఞాపకం, వీటన్నిటి విలువ అప్పుడు తెలుస్తుంది. రిజిస్ట్రేషన్ కాగితాలకు ఇవి ప్రత్యామ్నాయం కావు. వాటికి తోడు.

లోకంలో మనకంటె ఘోరంగా నష్టపోయినవారున్నారు. 1995 జూలైలో బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో ఎనిమిది వేలమందికి పైగా ముస్లిం పురుషులను, బాలురను చంపివేశారు. ఆ తల్లులు కొడుకుల ఫోటోలు చేతపట్టుకుని ఏళ్ళ తరబడి నిలబడ్డారు. అంతమందిని లెక్కలో సంఖ్యగా మిగల్చాలని చూసిన చోట, ఒక్కొక్కరికి ఒక్కొక్క ముఖం ఉన్నదని ఆ ఫోటోలే చెప్పాయి.

ముఖం కనబడని దాదీమా

మళ్ళీ మా ఫోటో దగ్గరకు వద్దాము. చాదర్ కప్పుకుని బిడ్డను ఒడిలో పట్టుకున్నది మా దాదీమా. పసివాడు కదలకుండా ఉండాలని ఆమెను కూర్చోబెట్టారు, పరదా తప్పకూడదని చాదర్ కప్పారు. బిడ్డ నడుమును పట్టుకున్న రెండు గాజుల చేతులు మాత్రమే కనబడతాయి. ఆమెకు వేరే ఫోటో లేదు. హైదరాబాద్‌లో 1892లోనే రాజా దీన్ దయాళ్ పరదా స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిపించి, స్త్రీ చేతనే దాన్ని నడిపించారు. అది నగరంలోని గొప్ప ఇళ్ళవారికి. గోదావరి గట్టున గుమాస్తా భార్యకు దక్కినది ఆ చాదరే.

అందుచేత దాదీమా మాకు ఫోటోలో లేరు, కథలలో ఉన్నారు. వరద ముంచుకొచ్చిన ఒక ఏడు, మెరక మీద ఉన్న ఒక కోయ ఇంటివారు ఆమెకు, పిల్లలకు చోటిచ్చారట. తడిసిన కట్టెలు అంటుకోకపోతే ఆ ఇంటి తల్లి తన పొయ్యిలో నిప్పులు తీసి ఇచ్చిందట. వండిన ఖిచ్డీని రెండు కుటుంబాలు ఒకే గంప చుట్టూ కూర్చుని తిన్నాయట. ఆ తరువాత ప్రతి ఈద్‌కు సేమియా గిన్నె ముందుగా ఆ ఇంటికే వెళ్ళేది. ఇంకో కథ కూడా ఆమే చెప్పేవారు. సంతలో మనవాడే ఒక వ్యాపారి అడవి సరుకు తెచ్చే కోయలకు తూకంలో మోసం చేసేవాడని, ఆ ఇంటి విందుకు తాను ఎన్నడూ వెళ్ళలేదని. ఈ రెండో కథను పిల్లలకు చెప్పవద్దని మాలో కొందరన్నారు. చెప్పాలనే మా అభిప్రాయం. మనకు జరిగిన అన్యాయాన్ని గుర్తుపెట్టుకునేవారు మన చేతుల మీదుగా జరిగినదాన్ని కూడా గుర్తుపెట్టుకోవాలి. అప్పుడే మన సాక్ష్యానికి విలువ.

కథ విన్నప్పుడు ఎవరి నుంచి విన్నామో కూడా వ్రాసుకోండి. హదీసు పండితులు ఒక మాటను స్వీకరించేముందు అది ఎవరి నుంచి ఎవరికి చేరినదో గొలుసంతా పరిశీలించేవారు. ఇస్నాద్ అని దానికి పేరు. ఆ గొప్ప క్రమశిక్షణ నీడలోనైనా మన ఇంటి కథలను నడిపించుకుందాము. "ఇది దాదీమా ఫూఫీకి చెప్పారు, ఫూఫీ మాకు చెప్పారు" అన్న ఒక్క వాక్యం కథను పుకారు కాకుండా కాపాడుతుంది.

చేయవలసిన పనులు

ఇక పని మాట. ఈ వానాకాలం రాకముందే ప్రతి ఇంట్లో వీటిని పూర్తి చేయాలని కోరుతున్నాము.

ఫోటో వెనుక మెత్తటి పెన్సిలుతో, ఒత్తకుండా, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నది వ్రాయండి. బాల్ పెన్నుతో వ్రాస్తే గాడి ముందువైపుకు తేలుతుంది. జిగురు పేజీల ఆల్బములు ఫోటోను కొరుక్కు తింటాయి. తేలికగా ఊడే వాటిని తీసి మంచి కాగితపు కవర్లలో ఉంచండి. ఊడనివాటిని లాగకండి, ఉన్నవి ఉన్నట్లే ఫోనుతో ఫోటో తీయండి. వెలుతురు పక్కనుంచి పడేలా, మెరుపు లేకుండా తీయాలి. వెనుక వ్రాతను కూడా తప్పక తీయాలి. స్కానరు దొరికితే మరీ మంచిది.

ప్రతి ఫోటోకు మూడు ప్రతులు. ఒకటి ఇంట్లో, ఒకటి నదికి దూరంగా ఉన్న బంధువు ఇంట్లో, ఒకటి కంప్యూటరు నిల్వలో. మా ఫూఫీ తెలియకుండా చేసిన మేలును మీరు తెలిసి చేయండి.

నీట తడిసిన ఫోటోలను ఆరనివ్వకండి, విడదీయబోకండి. శుభ్రమైన చల్లని నీటిలో నానబెడితే పాత స్టూడియో ఫోటోలు వాటంతట అవే విడిపోతాయి. బొమ్మ వైపు వేలు తగలనీయక, అంచులు పట్టుకుని తీసి, నీడలో, బొమ్మ పైకి ఉండేలా, శుభ్రమైన నూలుగుడ్డ మీద పరచండి. రెండు రోజులు దాటితే బూజు పడుతుంది. ఇంట్లో ప్రింటరుతో తీసిన రంగు కాగితాలను మాత్రం నానబెట్టరాదు, రంగు కరిగిపోతుంది. 2011 సునామీ తరువాత జపానులో స్వచ్ఛంద సేవకులు బురదలో దొరికిన కుటుంబ ఫోటోలను ఈ విధంగానే కడిగి, ఆరబెట్టి, ఇంటివారికి అందజేశారు. ఆ పని మన యువకులు చేయలేరా?

పెద్దల మాటను ఫోనులో రికార్డు చేయండి. "మీ జీవితం గురించి చెప్పండి" అంటే ఎవరూ చెప్పలేరు. "మీ పెళ్ళికి ఏమి వండారు? నీళ్ళు ఎక్కడినుంచి మోసేవారు? మొదటి జీతంతో ఏమి కొన్నారు? రంజాన్‌లో సహ్రీకి ఎవరు లేపేవారు?" అని అడగండి. చిన్న ప్రశ్నకు పెద్ద కథ వస్తుంది. ముందుగా స్త్రీలను అడగండి. ఇంటి కథలు ఎక్కువగా వారి వద్దనే ఉన్నాయి, మనం తక్కువగా అడిగిందీ వారినే.

ఇంట్లో ఫోటోలు ఉంచడం ధర్మం దృష్ట్యా తగదని భావించే కుటుంబాలున్నాయి. వారి అభిప్రాయాన్ని మేము గౌరవిస్తాము. వారు కథలను, వంశావళిని, చేతివ్రాతలను, వస్తువులను కాపాడితే చాలు. అప్పు ఇచ్చిపుచ్చుకుంటే వ్రాసిపెట్టుకోమని, సాక్షులను ఉంచుకోమని ఖుర్ఆన్ బోధించింది. పెద్దలు మనకు ఇచ్చిపోయినది కూడా ఒక విధమైన అప్పే.

చివరిగా ఒక హెచ్చరిక. ఫోటో ఒక అమానత్. ఇంటి స్త్రీల ఫోటోలను వారి సమ్మతి లేకుండా వాట్సాప్‌లోను, ఫేస్‌బుక్‌లోను పెట్టకండి. 2021 జూలైలో 'సుల్లీ డీల్స్' పేరున, 2022 జనవరి 1న 'బుల్లీ బాయి' పేరున ముస్లిం స్త్రీల ఫోటోలను దొంగిలించి వేలానికి పెట్టినట్లు చూపిన దుర్మార్గం మనం మరువలేదు. భద్రపరచడం వేరు, బజారున పెట్టడం వేరు. ఎవరికి చూపవచ్చు, ఎవరికి చూపరాదు అన్నది ఆ ఫోటోలోని మనిషే నిర్ణయించాలి.

సోదర సోదరీమణులారా! ఆ ఫోటోకు ఇప్పుడు మూడు ప్రతులున్నాయి. వెనుక ఉర్దూ కింద తెలుగులో మేము ఇలా వ్రాశాము: "1945-46. దాదా, అబ్బా. చాదర్‌లో దాదీమా." ఆమె పేరు కూడా వ్రాశాము. ఆ పేరు ఎనభై ఏళ్ళుగా ఏ కాగితం మీదా లేదు.

ఈ సాయంత్రం ఇంటికి వెళ్ళి, పెట్టె తెరిచి, ఇంట్లోని పెద్దవారి పక్కన కూర్చుని, ఒక్క ఫోటో చూపి, "ఇది ఎవరు?" అని అడగండి. ఫోటో లేకపోతే ఒక్క కథ అడగండి. గోదావరి మళ్ళీ వస్తుంది. ఆలోగా మనం సిద్ధంగా ఉందాము. అల్లాహ్ మనకు ఆ శక్తిని, ఆ ఓర్పును ప్రసాదించుగాక. ఆమీన్.